విద్యుత్తు – భూమితో పొత్తు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవమున ఎర్తు తీగను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. భారత భాగవతము లుండగా ఇనుప గొట్టము, ఉప్పు, బొగ్గు చర్చకు రాదగునా యని సందేహింపవచ్చును. కాని 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన నాటినుండియు ఈ ఉద్యమము కోరినది పుస్తకములను బీరువాలలో పేర్చుట మాత్రమే కాదు. బ్రతుకునకు పనికివచ్చు తెలివిని పల్లెటూరి గుమ్మమునకు చేర్చుట. నేడు ప్రతి గుమ్మములోను విద్యుత్తు కలదు. దానిని వాడుట పసిబిడ్డలకును తెలియును. దానినుండి ప్రాణము కాపాడుకొను విధము మాత్రము పెద్దలలోను పలువురికి తెలియదు. కావున ఈ విషయము గ్రంథాలయమునకు తగినదే.

కృష్ణా డెల్టాకు విద్యుత్తు వచ్చిన క్రమమును ఒకసారి తలచుకొనవలయును. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉత్పత్తి ప్రారంభమైనది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి యేర్పడినది. 1979లో విజయవాడ చేరువ ఇబ్రహీంపట్నము వద్ద తాప విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. తొలినాళ్లలో పల్లెటూరి ఇంట నడవలో నొక దీపము, వంటయింట నొక దీపము ఉండెడివి. అవి దూలమునుండి చేతి కందని యెత్తున వ్రేలాడెడివి. స్విచ్చు తప్ప మనుష్యుడు తాకవలసిన వస్తువు లేదు. కావున రెండు తీగలతో ఇల్లు గడచినది. ఇప్పుడో, పిండి రుబ్బు గ్రైండరు, ఫ్రిజ్జు, బట్టలుతుకు యంత్రము, స్నానాల గదిలో గీజరు, పెరటిలో నీటి మోటారు, అన్నియు ఇనుప దేహములు గలవి. వీనిని తాకువారి చేతులు తడి. నిలుచు నేల తడి. ఇంటిలో వస్తువులు మారినవి గాని, అనేక గృహములలో తీగలు పాతవే, తలపులును పాతవే.

ఎర్తు అనగా నేమో తెలియుటకు ఈ సీమ రైతునకు వేరే శాస్త్రము అక్కరలేదు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది; దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అప్పటినుండియు డెల్టా రైతునకు రెండు విధములైన కాలువలు పరిచితములు. ఒకటి పంట కాలువ, రెండవది మురుగు కాలువ. పంట కాలువ యెంత బాగుగా పారినను, మురుగు కాలువ పూడిపోయిన యూరిలో పైరు కుళ్ళును. మురుగు కాలువ విలువ ఎండలు కాయునప్పుడు తెలియదు. గండిపడిన రాత్రి తెలియును. 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరునకు గండ్లుపడి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలు దినముల తరబడి నీట నానినప్పుడు ఆ విలువ పట్టణవాసులకును తెలిసినది.

ఇంటికి వచ్చు తీగలలో ఫేజు విద్యుత్తును తెచ్చునది, న్యూట్రలు దానిని మరల కొనిపోవునది. ఈ రెండును కలిసి పంట కాలువ వంటివి. మూడవదగు ఎర్తు తీగ మురుగు కాలువ. సర్వము సవ్యముగా ఉన్నంతవరకు అందులో ఏమియు పారదు. యంత్రము లోపల తీగ తొడుగు చెడి విద్యుత్తు గట్టుతెంచుకొని ఇనుప దేహమునకు ప్రాకిన క్షణమున, అది మనుష్యుని దేహము గుండా పోకుండ భూమికి పోవుటకు ఈ దారి కావలయును. ఏమియు పారని తీగ యెందులకని దానిని కోసివేయువాడు, వర్షము లేని నెలలో మురుగు కాలువను పూడ్చి కొబ్బరిచెట్లు నాటుకొన్నవాని వంటివాడు.

పరీక్షిన్మహారాజు సర్పభయమున కట్టుదిట్టమైన కాపలా నడుమ నుండగా, తక్షకుడు పండులోని పురుగై ప్రవేశించెనని ఆదిపర్వకథ. ఇంటిలోనికి అపాయము వచ్చు విధమును అట్టిదే. అది పిడుగువలె చప్పుడు చేయుచు రాదు. రోజును వాడు వస్తువులోనే దాగి వచ్చును. గ్రైండరు కడుగునపుడు కారిన నీరు మోటారు చుట్టలలోనికి ఇంకును. ఇస్త్రీపెట్టెలోనికి తీగ ప్రవేశించుచోట మడతపడి మడతపడి తొడుగు చిట్లును. గీజరులోని కడ్డీ పై గొట్టము చీలును. ఫ్రిజ్జు వెనుక తీగను ఎలుక కొరుకును. యంత్రము మాత్రము యథాప్రకారము తిరుగుచునే యుండును. పిండి మెదుగుచున్నది, నీరు కాగుచున్నది గనుక లోపమున్నట్లు ఎవరికిని తోచదు. ఎప్పుడో ఒకనాడు చేయి తగిలినప్పుడు జిల్లుమనును. ‘ఏమో కొంచెము కొట్టుచున్నది, చెప్పులు తొడుగుకొని ముట్టుకొనుము’ అని ఆ ఇంట ఒకరితో నొకరు చెప్పుకొందురు. ఆ మాట యెన్నో ఇండ్లలో వినబడుచున్నది. ఆ మాట మృత్యువు పంపిన మొదటి నోటీసు.

ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. తడిసిన దేహమునకు సుమారు 1000 ఓముల నిరోధము ఉండుననుకొన్నచో, దాని గుండా 230 మిల్లీ ఆంపియర్లు పారును. ఒక మిల్లీ ఆంపియరు పారినచో జిల్లుమనును. సుమారు పదికి కండరములు బిగుసుకొని పట్టినది విడువలేని స్థితి కలుగును. 30 దాటి కొంతసేపు పారినచో ఊపిరికిని గుండెకును అపాయము. అనగా ప్రాణము తీయుటకు ఒక చిన్న దీపమును వెలిగించునంత ప్రవాహమే చాలును.

ఇక భూమి సంగతి. అమరకోశము భూమికి చెప్పిన పేర్లలో ‘సర్వంసహ’ యొకటి. ఆమె అన్నిటిని సహించు మాట నిజమే గాని, అన్నిచోట్ల ఒకే తీరున స్వీకరింపదు. ఈ ఒక్క ప్రాంతముననే నాలుగు విధములైన నేలలు కలవు. విజయవాడలో ఇంద్రకీలాద్రి వాలున, మొగల్రాజపురము గుట్టలమీద కట్టిన ఇండ్లు రాతిపై నిలిచినవి. రాయి విద్యుత్తును సులభముగా తీసికొనదు. కృష్ణ లంకలలోని ఇసుక, తడియున్నపుడు కొంత మేలు గాని, నీరు దిగిపోయిన వెంటనే నిరోధము పెరుగును. గుడివాడ, పామర్రు ప్రాంతముల నల్లరేగడి వానకాలమున మిక్కిలి మంచిది. కాని వేసవిలో ఆ నేల నెర్రెలు వారును; పాతిన గొట్టమునకును మట్టికిని నడుమ సందు పడి పొత్తు చెడును. నాగాయలంక, మచిలీపట్నము వైపు ఉప్పునేలలు విద్యుత్తును చక్కగా స్వీకరించును గాని, ఇనుమును తినివేయును. కావున పైన బిగించిన తీగ చూచుటకు నిగనిగలాడుచున్నను, క్రింద గొట్టమే లేకుండవచ్చును.

భారతీయ ప్రమాణాల సంస్థ ఎర్తింగునకు ప్రత్యేకముగా ఒక నియమావళిని 1966లో ప్రచురించినది. దానిని 1987లోను 2018లోను సవరించినది. అందు చెప్పిన గొట్టము కనీసము 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము గలిగి, రెండున్నర మీటర్లు, అనగా ఎనిమిదడుగులకు పైగా, పొడవుండవలయును. చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా వేయుట వాడుక. బొగ్గు తేమను పట్టియుంచును. ఉప్పు నిరోధమును తగ్గించును గాని, నీటితో కరగిపోవును. ఇనుమును త్రుప్పు పట్టించును. కావున ఇల్లు కట్టిన నాడు పాతిన ఎర్తు తరతరములకు చాలుననుకొనుట పొరపాటు. పైన గరాటు అమర్చి వేసవిలో నీరు పోయుచుండవలయును, ఏటేట పరీక్షింపవలయును. మరియొక మార్పును గమనింపదగినది. పూర్వము నేలలోని ఇనుప నీటిగొట్టమునకు ఎర్తు తీగ చుట్టి ఊరకుండెడివారు. ఇప్పుడు అనేకచోట్ల ఆ గొట్టముల స్థానమున ప్లాస్టిక్ గొట్టములు వచ్చినవి. ప్లాస్టిక్ విద్యుత్తును కొనిపోదు. తీగ యథాస్థానముననే యున్నది. దారి మాత్రము లేదు.

గ్రామములలో ప్రబలిన మూడు దురభ్యాసములను స్పష్టముగా చెప్పవలసియున్నది.

మొదటిది మూడవ పుల్లను విరుచుట. మూడు పుల్లల ప్లగ్గులో ఎర్తు పుల్ల తక్కిన రెంటికంటె పొడవుగను లావుగను ఉండును. ఇది అలంకారము కాదు. ప్లగ్గు పెట్టునపుడు అది అందరికంటె ముందుగా తగిలి, తీయునపుడు అందరికంటె చివర విడివడుటకు అట్లు చేసిరి. రెండు రంధ్రముల సాకెట్టులో పట్టుటకు దానిని విరుచుటయో, ఎర్తు లేని అడాప్టరు తగిలించుటయో, ముందుగా వచ్చి చివర పోవు కావలివానిని వాకిటనే నరకుట. రెండే పుల్లలు గల వస్తువులును కొన్ని కలవు. వానిపై చతురస్రములో చతురస్రము గుర్తుండును. అట్టివానికి రెండు తొడుగుల రక్ష ఉండుటచే ఎర్తు అవసరము లేదు. ఆ గుర్తు లేని ఇనుప వస్తువునకు మూడవ పుల్ల తప్పదు.

రెండవది ఎర్తును న్యూట్రలుగా వాడుట. గాలివానకు స్తంభము మీద న్యూట్రలు తెగినపుడు, దీపములు వెలిగించుకొనుటకై ఆ తీగను ఎర్తు గొట్టమునకు కలుపువారు కలరు. దీపము వెలుగును, ప్రమాదము కనబడదు. ఆ గొట్టము నిరోధము 50 ఓములై, ఇంటి వాడకము రెండు ఆంపియర్లైనచో గొట్టము మీద 100 వోల్టులు నిలుచును. ఎర్తుకు కలిపిన ప్రతి యినుప వస్తువు మీదను ఆ 100 వోల్టులే యుండును. రక్షించుటకు వేసిన తీగయే ఇంటినిండ విషము పంచును. ఎర్తు గొట్టము వేయు శ్రమకు వెరచి, సాకెట్టులోననే న్యూట్రలును ఎర్తును చిన్న తీగతో కలుపుట మరింత ఘోరము. న్యూట్రలు తెగిననాడు దీపము గుండా వచ్చిన ఫేజు, ఫ్రిజ్జునకును గ్రైండరునకును నేరుగా పట్టును. ఆనాడు యంత్రములో ఏ లోపమును లేకున్నను ముట్టినవాని గతి యేమగునో చెప్పనక్కరలేదు.

మూడవది బల్బు పరీక్షను నమ్ముట. ఫేజునకును ఎర్తునకును నడుమ 100 వాట్ల పాతకాలపు బల్బు పెట్టి, వెలిగినది గనుక ఎర్తు దివ్యముగా నున్నదని తీర్పు చెప్పుదురు. వెలుగు బల్బు నిరోధము సుమారు 529 ఓములు. ఎర్తు నిరోధము 50 ఓములున్నను బల్బునకు ఇంచుమించు 210 వోల్టులు అందును; వెలుగులో తేడా కంటికి తెలియదు. కావున ఆ పరీక్ష తీగ యెక్కడనో నేలకు తగిలినదని చెప్పును గాని, ఆ నేల ఎంత మంచిదో చెప్పదు. దానికి ఎర్తు టెస్టరు అను పరికరము వేరుగా కలదు.

ఇప్పుడు ముఖ్యమైన లెక్క. ఎర్తు గొట్టమున్నచో చాలును, భూమి విద్యుత్తును లాగివేయునని పలువురి నమ్మకము. ఎర్తు నిరోధము రెండు ఓములైనచో, లోపము కలిగిన వెంటనే 115 ఆంపియర్లు పారి, 16 ఆంపియర్ల ఎం.సి.బి. తక్షణము పడిపోవును. ట్రాన్స్‌ఫార్మరు వద్దనున్న ఎర్తు నిరోధమును కలిపినచో ప్రవాహము ఇంకను తగ్గునుగాని, లెక్క సులభముగా నుండుటకు దానిని విడిచితిమనుకొనుడు. ఇంటి ఎర్తు 20 ఓములైనచో పారునది పదకొండున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని మామూలు వాడకముగా భావించి ఊరకుండును. మోటారు దేహము మీద దాదాపు 230 వోల్టులు అట్లే నిలుచును. మీటరు గంటకు రెండున్నర యూనిట్లకు పైగా తిరుగుచుండును. బిల్లు పెరిగినదని గృహస్థుడు విద్యుత్ కార్యాలయమునకు పోవును గాని, పెరటిలో మృత్యువు మేలుకొనియున్నదని యెరుగడు. ఎండకాలమున 20 ఓములు మించిన ఎర్తులు ఇసుకనేలలోను రాతినేలలోను అరుదు కాదు.

దీనికి విరుగుడు కలదు. ఆర్.సి.సి.బి. అను పరికరము నమ్మకమైన గుమాస్తా వంటిది. ఫేజు గుండా పోయిన దెంత, న్యూట్రలు గుండా తిరిగివచ్చిన దెంత అని జమాఖర్చు ప్రతిక్షణము సరిచూచుచుండును. ఇంటి రక్షణకు వాడు రకములో తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిన యెడల, వేరొక దారిన సొమ్ము పోవుచున్నదని గ్రహించి, రెప్పపాటులో కరెంటు నాపివేయును. దీనికి ఎర్తు 100 ఓములున్నను చాలును. మూడు వోల్టులు దేహమున నిలిచినంతనే లెక్క తప్పినట్లు తెలియును. అట్లని ఎర్తు అక్కరలేదనుకొనరాదు. ఎర్తు లేనిచో ఆ తేడా మనుష్యుడు ముట్టినప్పుడు మాత్రమే పుట్టును; అనగా గుమాస్తాకు దొంగతనము తెలియుటకు ఒకరు దెబ్బ తినవలయును. ఎర్తు ఉన్నచో యంత్రము చెడిన క్షణముననే తెలియును. ఒకచేత ఫేజును వేరొకచేత న్యూట్రలును పట్టుకొన్నవానిని మాత్రము ఈ పరికరమును కాపాడలేదు. దానికి లెక్క సరిపోయినట్లే తోచును. కావున దారియు కావలయును, దారి చివర కావలివాడును కావలయును, ఇంటివారికి జాగ్రత్తయు కావలయును.

మాటిమాటికి కరెంటు పోవుచున్నదని కొందరు ఈ పరికరమును తప్పించి తీగను నేరుగా కలుపుచున్నారు. రాత్రి మొరుగుచున్నదని కుక్కను సంతలో అమ్మివేసి, తెల్లవారి దూడ పోయినదని యేడ్చుట వంటిదిది. అది పడిపోయిన ప్రతిసారియు ఏదో చెప్పుచున్నది. వస్తువుల ప్లగ్గులన్నియు తీసి, ఒక్కొక్కటిగా పెట్టి, దేనితో పడునో చూచి, దానిని మరమ్మతుకు పంపవలయును. దానిమీద ‘టెస్టు’ అను చిన్న బొత్తాము కలదు. నెలకొకసారి నొక్కి, పడుచున్నదో లేదో చూడవలయును.

మరమ్మతు విషయమున మూడు మాటలు. జిల్లుమన్న వస్తువు ప్లగ్గును వెంటనే తీసి, మెకానిక్కు చూచువరకు వాడరాదు. మెకానిక్కు ‘తిరుగుచున్నది’ అని తెచ్చి యిచ్చినంత మాత్రమున తీసికొనక, రెండు ప్రశ్నలు అడుగవలయును: పొడవు పుల్లనుండి ఇనుప దేహము వరకు తీగ తెగక యున్నదా? మెగ్గరుతో చూచినపుడు తొడుగుల నిరోధము పదిలక్షల ఓములకు తక్కువ కాక యున్నదా? వరదలో మునిగిన ఫ్రిజ్జు, మోటారు పైకి ఆరినట్లు కనబడినను చుట్టలలో బురద పేరుకొని తేమను పీల్చుచుండును. విప్పి, కడిగి, ఆరబెట్టి, మెగ్గరుతో పరీక్షింపక ప్లగ్గు పెట్టరాదు.

ఇంటిలోపలి ఎర్తు ఎంత బాగున్నను ఆదుకొనలేని తావు ఒకటి కలదు. అది బట్టలారవేయు దండెము. ఇనుప తీగను సర్వీసు తీగకు ఊతముగా నున్న కంబికో, కరెంటు స్తంభమునకో కట్టుట ఈ ప్రాంతమున తరచు కనబడును. పై తీగ తొడుగు గాలికి రాచుకొని చెడిననాడు, తడిబట్ట చేతబట్టిన ఇల్లాలికి తప్పించుకొను దారి లేదు. దండెమునకు నైలాను త్రాడు చాలును.

ఒకవేళ ప్రమాదమే జరిగిన యెడల, పట్టుబడినవానిని చేతితో లాగరాదు. ప్రేమతో లాగినవాడును పట్టుబడును. మొదట మెయిను ఆపవలయును. అది వీలుగాకున్న ఎండిన కర్రతో, ఎండిన నేల మీద నిలిచి, త్రోయవలయును. ఊపిరి లేనిచో ఛాతీ నడుమ రెండు చేతులతో నొక్కుచు, 108కి కబురు చేయవలయును. స్తంభము మీది లోపములకు 1912కు తెలియజేయవలయును. స్తంభమెక్కుట ఎవరి పనియో వారిదే.

కడపట ఈ సభకు ఒక విన్నపము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను ఎరువిచ్చి, తిరిగి పుచ్చుకొని, లెక్క వ్రాసికొనుచున్నది. ఆ వరుసలోనే ఒక ఎర్తు టెస్టరును కొని, చందాదారులకు ఎరువిచ్చినచో బాగుండును. ప్రతి గృహస్థుడును వేసవిలో, నేల నెర్రెలు వారిన కాలమున, అర్హతగల ఎలక్ట్రీషియనుతో తన ఇంటి ఎర్తును కొలిపించి, ఎన్ని ఓములు వచ్చినదో గ్రంథాలయపు చిట్టాలో ఒక వరుస వ్రాయించవలయును. మరుసటి యేట ఆ వరుస ప్రక్కన ఇంకొక అంకె చేరును. అంకె పెరిగిన ఇంటివారిని ఇరుగుపొరుగులే హెచ్చరింతురు. భారతము చదివిన యింట ధర్మము నిలుచునందురు. ఈ చిట్టా వ్రాసిన యింట, తెల్లవారుజామున చీకటిలో మోటారు స్విచ్చు వేయబోవు ఇల్లాలు మరల క్షేమముగా లోనికి వచ్చును. గ్రంథాలయమునకు ఇంతకంటె రజతోత్సవ ఫలము వేరొకటి ఉండబోదు.

స్వస్తి.